కూర్మం మోయవలసిన కొండ

శ్రీకాకుళం జిల్లాలో పలాస దాటి సముద్రం వైపు సాగేవారికి మొదట కనబడేది పచ్చదనం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒకదానినొకటి ఒరుసుకొని బంగాళాఖాతపు ఇసుక తిన్నెల దాకా వ్యాపించి ఉన్నవి. ఉద్యానమన్న మాటే జనుల నోట నలిగి ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం అనే ఏడు మండలాల గ్రామాలకు ఆ పేరు చెల్లుతున్నది. ఇంత అందమైన పేరు రెండు దశాబ్దాలకు పైగా దేశమంతటా ఒక రోగంతో కలిసి వినబడుతూ ఉండడం విచారకరమైన విషయం.

ఆ రోగం మూత్రపిండాలది. మధుమేహంగాని, రక్తపుపోటుగాని లేనివారికి, పొలంలోనూ తోటలోనూ ఒళ్ళు వంచి పనిచేసేవారికి, నడివయసులోనే ఇది వస్తున్నది. తొలి దశలో నొప్పి ఉండదు; లక్షణమూ కనబడదు. కాళ్ళు వాచి, ఆకలి చచ్చి, ఆయాసం వచ్చి వైద్యుని వద్దకు పోయేసరికి మూత్రపిండాలు చాలవరకు చెడిపోయి ఉంటవి. శ్రీలంకలో అనూరాధపురం పరిసరాలలోనూ, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు తోటలలోనూ ఇట్టి వ్యాధియే కనబడినది. భూగర్భజలమా, పురుగుమందులా, ఎండలో చెమటోడ్చి చాలినంత నీరు త్రాగకపోవడమా, వంశపారంపర్యమా, లేక ఇవి అన్నీ కలిసియా అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇంకను ఒక్కమాటగా సమాధానం చెప్పలేదు.

ప్రభుత్వం చేసిన పని లేకపోలేదు. టెక్కలి, పలాస, సోంపేట మొదలైన చోట్ల డయాలిసిస్ కేంద్రాలు ఏర్పడినవి. పలాసలో 2019 లో శంకుస్థాపన జరిగిన మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభమైనవి. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానం గ్రామాలకు అందించే పథకం కూడా ఆనాడే ఆరంభమైనది.

అయినను, రోగి ఇంటిలో జరిగేదంతా ప్రభుత్వపు పద్దులలోకి ఎక్కదు. డయాలిసిస్ మీద బ్రతికేవారు వారానికి రెండు మూడు సారులు ఆసుపత్రికి పోవలెను. పోయిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు మంచం మీద కదలక పడి ఉండవలెను. చికిత్స ఉచితమే కావచ్చును. తోడు వచ్చిన భార్యయో కొడుకో ఆనాటి కూలి పోగొట్టుకుంటారు. ఆటో బాడుగ, దారిలో తిండి, పథ్యపు భోజనం, ఇంటివద్ద పిల్లల చదువు, ఇవన్నీ ఆ కుటుంబమే మోయవలసిన బరువులు. ఇట్టి చిల్లర బరువులను ఊరు తన భుజానికి ఎత్తుకొనే ఉపాయమేదైనా ఉన్నదా అన్నదే ఇక్కడ విచారింపదగిన ప్రశ్న.

ఇతర దేశాలలోని కొన్ని నగరాలు ఇందుకు ఒక వినోదకరమైన మార్గం కనిపెట్టినవి. ఒకే అచ్చున పోసిన పెద్ద బొమ్మలను పదుల సంఖ్యలో తయారు చేయిస్తారు. బొమ్మ ఆకారం ఒక్కటే. కాని ఒక్కొక్క దానిని ఒక్కొక్క చిత్రకారునికి ఒప్పగించి, తన ఇష్టం వచ్చిన రీతిని అలంకరించమని ఆహ్వానిస్తారు. తరువాత ఆ బొమ్మలను వీధి కూడళ్ళలో, తోటలలో, రైలు స్టేషన్ల ముందు కొన్ని వారాలపాటు నిలుపుతారు. జనులు పటం చేతబట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, ఒక్కొక్క బొమ్మనే వెదుక్కుంటూ ఊరంతా తిరుగుతారు. గడువు ముగిసిన పిమ్మట వేలం వేసి, వచ్చిన సొమ్మును ఒక ధర్మకార్యానికి వినియోగిస్తారు. స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరం 1998 లో ఆవు బొమ్మలతో ఈ పని చేయగా, మరుసటి ఏడు అమెరికాలోని షికాగో దానిని అనుసరించినది. అక్కడ నుండి ఈ ఆచారం ఖండాంతరాలకు ప్రాకినది.

ఆసుపత్రి కొరకు జరిగిన వాటిలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరపు ఉదాహరణ చెప్పుకోదగినది. అక్కడి ఆర్డ్‌మన్ చిత్రనిర్మాణశాల చిత్రాలలో కనబడే, నిక్ పార్క్ సృష్టించిన గ్రామిట్ అనే కుక్క పాత్రను పిల్లలందరూ ఎరుగుదురు. ఆ కుక్క ఒక్క మాటయినా పలుకదు. చూపుతోనే సమస్తం చెబుతుంది. 2013 వ సంవత్సరం వేసవిలో ఆ కుక్క బొమ్మలను 80 చేయించి, చిత్రకారులచేత అలంకరింపజేసి, నగరమంతటా నిలిపినారు. ఆ ఏడు అక్టోబరులో జరిగిన వేలంలో 23 లక్షల పౌనుల మేర వచ్చినది. ఆ సొమ్ము బ్రిస్టల్‌లోని పిల్లల ఆసుపత్రికి చేరినది. ఆ ఆసుపత్రికి తోడ్పడే సంస్థ 1995 నుండియే పనిచేస్తూ ఉన్నదని గమనించవలెను. ఒక వేసవి సంబరం వెనుక పదునెనిమిదేండ్ల ఓపిక ఉన్నది.

ఈ ఉదాహరణలో రెండు సంగతులు ఉన్నవి. మొదటిది, బొమ్మ ఆ ఊరిది కావడం. బ్రిస్టల్ పిల్లవానికి గ్రామిట్ తన వీధిలో పుట్టినవాడే. ఎక్కడిదో ఒక సింహాన్నో, డేగనో తెచ్చి నిలిపి ఉంటే చూచి పోయేవారేగాని, సొంతమని తాకి మురిసేవారు కారు. రెండవది, ఇట్టి ఉత్సవాలలో బొమ్మల తయారీ ఖర్చును సాధారణంగా వర్తకులూ సంస్థలూ ముందుగానే భరిస్తారు. కనుక వేలంలో పలికిన ధరలో అధికభాగం ఆసుపత్రికే మిగులుతుంది. ఈ రెండవ సంగతిని మరచినచోట సంబరం ఘనంగా జరుగుతుంది. లెక్క చూచుకుంటే చేతికి చిక్కేది స్వల్పం. పదివేల రూపాయల బొమ్మ పదకొండు వేలకు అమ్ముడుపోయినచో రోగికి దక్కినది వేయి రూపాయలే కదా.

బొమ్మలు నిలపడం కొత్తదేగాని, చిత్రకారుడు వైద్యశాలకు చేయూత ఇవ్వడం కొత్త కాదు. లండను నగరంలోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి మెట్లగోడల మీద చిత్రాలు వేయించవలెనని 1730 ప్రాంతాల పెద్దలు తలపెట్టి, ఇటలీ నుండి వచ్చిన ఒక చిత్రకారునికి ఆ పని ఇవ్వబోయినారు. ఆ ఆసుపత్రి పక్క సందులోనే 1697 లో పుట్టిన విలియం హోగార్త్‌కు ఆ సంగతి తెలిసినది. ఊరివాడు ఉండగా పరాయివాడెందుకన్న పౌరుషంతో, తానే ఉచితంగా వేసి ఇస్తానని ముందుకు వచ్చినాడు. 1737 నాటికి రెండు మహాచిత్రాలు ముగిసినవి. అందులో స్వస్థత కోరి కొలను వద్ద గుమిగూడిన రోగులు ఉన్నారు. ఆ చిత్రాలు నేటికీ ఆ గోడలనే అంటిపెట్టుకొని ఉన్నవి.

అదే హోగార్త్ తరువాత అనాథ శిశువుల కొరకు థామస్ కోరమ్ అనే నావికుడు స్థాపించిన ఆశ్రమానికి తోడైనాడు. ఆ ఆశ్రమానికి 1739 లో రాజశాసనం లభించినది. హోగార్త్ 1740 లో కోరమ్ రూపచిత్రాన్ని వ్రాసి దానికి కానుకగా ఇచ్చి, తన తోటి చిత్రకారులను కూడా తమతమ చిత్రాలు ఇవ్వమని ప్రోత్సహించినాడు. ఆ చిత్రాలు అమ్మకానికి కావు. వాటిని చూడడానికి ధనవంతులు ఆశ్రమానికి వచ్చేవారు. చిత్రాలతోపాటు శిశువులనూ చూచేవారు. చూచినవారు ఊరక పోలేకపోయేవారు. 1750 నుండి సంగీతకర్త హాండెల్ తన ప్రసిద్ధమైన మెస్సయా గానాన్ని అక్కడ ఏటేటా జరిపించి ఆ ఆదాయం ఆశ్రమానికే సమర్పించినాడు. ధనం కంటె ముందు మనుష్యుడు ఆ గుమ్మంలో అడుగు పెట్టవలెనన్న సూక్ష్మం వారికి తెలిసినది.

తెలుగుదేశంలోనూ కళకూ వైద్యశాలకూ చుట్టరికం లేకపోలేదు. ఏలూరు ప్రాంతంలోని సోమవరప్పాడులో 1908 లో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ సినిమా రంగంలో సంపాదించిన కీర్తి అందరికీ తెలిసినదే. ఆ కుటుంబం ఇచ్చిన స్థలంతోనూ ధనంతోనూ హైదరాబాదులో ఆయన పేరిట నేత్రవైద్య సంస్థ వెలసి, 1987 లో పని ప్రారంభించినది. జనులు నేలటిక్కెట్టుకు ఇచ్చిన అణాలు, బేడలే ఒక విధంగా కంటివైద్యంగా మారి తిరిగి జనులకు చేరినవని చెప్పవచ్చును. మధిరలో 1940 లో జన్మించిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ ఆ ఆసుపత్రిలోనే ఆవాస చిత్రకారుడుగా ఉండి చాలకాలం చిత్రాలు వ్రాసినాడు. 2019 లో కీర్తిశేషుడైనాడు. నీటిలోని నీడలనూ, రాలిన ఆకులనూ చిత్రించిన కుంచె, చూపు మందగించినవారు నడిచే వరండాలకు రంగులు అందించినది.

ఇక శ్రీకాకుళం సీమకు వస్తే, రోగానికీ బొమ్మకూ ఉన్న సంబంధం మరింత పాతది, మరింత గంభీరమైనది. ఉద్దానానికి పడమట మహేంద్రగిరి నుండి పర్లాకిమిడి, సీతంపేట వైపు సాగే కొండలలో సవరలు నివసిస్తారు. ఇంటిలో ఎవరికైనా జబ్బు చేస్తే, లేదా పితరులు అలిగినారని తోస్తే, వారు ఇంటిగోడను ఎర్రమట్టితో అలికి దానిమీద బియ్యపు పిండితో చిత్రం వ్రాస్తారు. సన్నని వెదురుపుల్ల కొసను నలిపి కుంచెగా వాడుతారు. సూర్యచంద్రులు, గుఱ్ఱాలు, ఏనుగులు, చెట్లు, కావళ్ళు మోసేవారు, వరుసకట్టి ఆడే మనుష్యులు, వీరందరూ ఒక చతురస్రపు గీత లోపల చేరుతారు. దానిని ఇడితాల్ అంటారు. అది అలిగిన ఆత్మకు కట్టి ఇచ్చిన ఇల్లు. ఆత్మ వచ్చి ఆ ఇంటిలో కూర్చుంటే, రోగి శరీరాన్ని విడిచిపెడుతుందని వారి విశ్వాసం.

ఈ చిత్రాలను వెరియర్ ఎల్విన్ శ్రద్ధగా పరిశీలించి, మధ్యభారత గిరిజన కళను గురించి 1951 లోనూ, సవరల మతాన్ని గురించి 1955 లోనూ గ్రంథాలు ప్రకటించినాడు. పాత కాలపు గుఱ్ఱాలు ఏనుగుల ప్రక్కనే రైలుబండి, విమానం కూడా ఆ గోడల మీదికి ఎక్కుతున్నవని ఆయన గమనించినాడు. అంటే ఆ కళ స్తంభించిపోయినది కాదు. చూచినదాన్ని చూచినట్లు లోనికి పిలుచుకొనే ప్రాణం దానికి ఉన్నది. ఈ జిల్లాలో రోగిని ఉద్దేశించి చిత్రం వ్రాసే ఆచారం బ్రిస్టల్ నగరాన్ని చూచి నేర్చుకోవలసినది కాదని దీనివలన తెలుస్తున్నది.

అయితే ఇక్కడనే జాగ్రత్త అవసరం. ఇడితాల్ ఒక ప్రార్థన. దానిలోని గుఱ్ఱాన్నీ మనిషినీ ఎత్తి తెచ్చి, పట్నంలో ఎవరో ఒకరు ఒక బొమ్మ వీపుమీద అతికించి, గిరిజన కళ అని చీటీ వ్రాసి అమ్మడం న్యాయం కాదు. సవర చిత్రకారుని పిలువవలెను. దేవుని ఇంటికి చెందినదేదో, పదిమందికి చూపదగినదేదో అతడే నిర్ణయించవలెను. ఈ మర్యాదను నేర్పినవారు కూడా ఈ జిల్లావారే. శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863 లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరలను ఇంటికి పిలిచి, వారికి తాము శిష్యులై ఆ భాష నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే బడులు పెట్టించినారు. 1931 లో సవర భాషా వ్యాకరణాన్నీ, 1938 లో నిఘంటువునూ వెలువరించినారు. ముందు నేర్చుకొని, తరువాత మాట్లాడడం వారి పద్ధతి. చిత్రకారులను ఆహ్వానించేవారికి కూడా ఈ పద్ధతి మేలైనది.

మరి ఉద్దానం నిలుపుకోదగిన బొమ్మ ఏది? టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి ఏటేటా వచ్చి గూళ్ళు కట్టుకొనే గూడబాతు మొట్టమొదట మనస్సుకు తోస్తుంది. ఆ ఊరివారు ఆ పక్షులను అతిథులవలె కాపాడుకొంటారు. గూడబాతు ముక్కు క్రింద వ్రేలాడే సంచి చందాల జోలెను కూడా తలపిస్తుంది. కాని శిల్పి కంటితో చూస్తే దాని మెడ సన్నం, ముక్కు పొడవు. పిల్లలు పట్టుకొని ఊగితే విరుగుతుంది. పైగా ఇది తుపానుల తీరం. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు ఏండ్ల తరబడి పెరిగిన కొబ్బరిచెట్లే వేళ్ళతో లేచిపోయినవి. నిటారుగా నిలిచిన బొమ్మ ఇక్కడి గాలికి ఆగదు.

అంతకంటె తగినది తాబేలు. ఆలివ్ రిడ్లీ అనబడే సముద్రపు తాబేళ్ళు చలికాలపు చివర ఈ తీరపు ఇసుకలో గ్రుడ్లు పెట్టడానికి వస్తవి. జాలరి పిల్లలందరూ వాటిని ఎరుగుదురు. జిల్లాలోనే ఉన్న శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపాన కొలువై ఉన్నాడు. ఆ ఆలయ మండపాల గోడల మీద పూర్వపు చిత్రకారులు రంగులతో వ్రాసిన పురాణ చిత్రాలు కూడా ఉన్నవి. తాబేలు బొమ్మ నేలకు కరచుకొని ఉంటుంది, గాలికి దొర్లదు, అయిదేండ్ల బిడ్డకు కూడా అందుతుంది. విశాలమైన దాని వీపు చిత్రకారునికి గోడతో సమానం. సవర గీతకైనా, జాలరి వలకైనా, జీడితోపుకైనా అందులో చోటు ఉంటుంది. మందరపర్వతాన్ని వీపున మోసి, దేవదానవులు ఇరుదెసలా నిలిచి చిలుకుతున్నంతసేపూ కదలక నిలిచిన కూర్మం కథ వినని తెలుగు పిల్లవాడు ఉండడు. ఆ కథలో అమృతం కోరినవారు అనేకులు, క్రింద బరువు మోసినది ఒక్కటే. ఉద్దానంలో ఆ బరువును ఇంతవరకు రోగి కుటుంబం ఒంటరిగా మోస్తూ వచ్చినది.

బొమ్మ పోయడానికి విలువైన ఫైబర్‌గ్లాసే కావలెనని లేదు. వినాయకచవితికి విగ్రహాలు చేసేవారు మట్టి, కొబ్బరి పీచు, గడ్డి కలిపి ఎంత పెద్ద ఆకారాన్నయినా నిలబెట్టగలరు. కొబ్బరి పీచుకు ఉద్దానంలో కొదువ లేదు. అలంకరించేవారికీ కొదువ లేదు. సరుబుజ్జిలి మండలం బూడితిలో ఇత్తడి, కంచు పాత్రలు చేసే కళాకారులు ఉన్నారు. వారు తాబేటి వీపుకు రేకు తొడిగి ఇవ్వగలరు. పొందూరు నేతగాని నూలుకు ఆ వీపుమీద చోటు దొరకగలదు. దుకాణాలకు పేర్లు వ్రాసే పెయింటర్లు, నాటకాల తెరలు వ్రాసినవారు, సంక్రాంతికి ఇంటిముందర ముగ్గులు పెట్టే ఇల్లాండ్రు, పాఠశాలల డ్రాయింగు మాస్టర్లు, వీరు కూడా చిత్రకారులే. ప్రసిద్ధుడైన వడ్డాది పాపయ్య 1921 లో పుట్టినది ఈ శ్రీకాకుళంలోనే. పత్రికల ముఖచిత్రాల ద్వారా ఆయన తెలుగు ఇండ్లలో ప్రవేశించకముందు, ఆయన కూడా ఒక చిన్న పట్టణపు చిత్రకారుడే కదా.

ఇట్టివారిని ఆహ్వానించేటప్పుడు సాధారణంగా ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. ధర్మకార్యం కనుక ఉచితంగా చేయమని అడుగుతారు. హోగార్త్ ఉచితంగా చేసినాడని చెప్పవచ్చును. కాని అతడు అప్పటికే పేరుపొందినవాడు, తన ఇష్టంతో ముందుకు వచ్చినవాడు. రోజుకూలి మీద బ్రతికే పెయింటరును పదిరోజులు ఊరక పనిచేయమనడం ఒక పేదవాని జేబు కత్తిరించి మరొక పేదవానికి దానం చేయడమే అవుతుంది. ఉద్దానంలో ఆ పెయింటరు ఇంటిలోనే ఒక రోగి ఉండవచ్చును. కాబట్టి రంగుల ఖర్చూ, కూలీ ముందుగా ముట్టజెప్పవలెను. ఆ తరువాత అతడు తన కూలిలో కొంత తిరిగి ఇస్తే అది దానం. అడిగి మిగుల్చుకొన్నది దానం కాదు. ఆ ఖర్చు భరించగలవారు పలాస, కాశీబుగ్గలలో లేకపోలేదు. జీడిపప్పు కర్మాగారాల వలన ఆ జంటపట్టణాలకు దేశమంతటా పేరు ఉన్నది. జీడిగింజలు కొట్టే స్త్రీల చేతులు ఆ గింజల నూనెకు పొక్కి నల్లబడతవి. వారిలో అనేకులు ఉద్దానం గ్రామాల నుండి వచ్చేవారే. వారి ఊళ్ళ కొరకు ఒక్కొక్క కర్మాగారం ఒక్కొక్క తాబేటి ఖర్చు భరించడం గొప్ప త్యాగం అనిపించుకోదు. ఉచితమైన బాధ్యత అనిపించుకొంటుంది.

మరొక నియమం కూడా పాటింపదగినది. రోగి ముఖాన్ని ప్రదర్శనకు పెట్టరాదు. జాలి పుట్టించడానికి మంచాన పడినవాని ఛాయాచిత్రాన్ని గోడలకు అంటించడం సులభం. దానివలన నాలుగు రూపాయలు అధికంగా రావచ్చును కూడా. కాని ఆ గ్రామాల యువకులకు పెండ్లి సంబంధాలు రావడానికి కూడా ఈ వ్యాధి పేరు అడ్డువస్తున్నదని పత్రికలు పలుమారులు వ్రాసినవి. అట్టిచోట ఊరిపేరును మరింత భయంకరం చేయడం ఉపకారం కాదు. తాబేటి బొమ్మకు ఉన్న సుగుణం ఇక్కడ తెలుస్తుంది. అది జాలిని అడుగదు. చూడవచ్చినవారిని నవ్విస్తుంది, దగ్గరకు పిలుస్తుంది. అది నిలిచిన ఊరిపేరు ఒక్కసారి అయినా రోగంతో కాక రంగుతో కలిసి వినబడుతుంది.

వచ్చిన సొమ్ము దేనికి వినియోగపడవలెను? కట్టడాలకు, యంత్రాలకు ఇట్టి సొమ్ము చాలదు. అవి ప్రభుత్వం చేయవలసిన పనులు, వాటిని ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉండవలెను. బొమ్మలు అమ్మి ఆసుపత్రిని నడపవచ్చునని ఎవరైనా అనుకొంటే, అది బాధ్యతగలవారికి తప్పించుకొనే దారి చూపడమే. ఈ సొమ్ము చేయగలిగినవి చిన్న పనులు. డయాలిసిస్‌కు వచ్చేవారికి బండి, తోడు వచ్చినవారికి ఒకపూట భోజనం, కూర్చోవడానికి నీడ, తండ్రిని కోల్పోయిన బిడ్డకు పుస్తకాలు, ఇట్టివి. వేలంలో కొన్నవారు ఇష్టపడితే కొన్ని తాబేళ్ళను ఆసుపత్రికే తిరిగి ఇవ్వవచ్చును. నాలుగు గంటలసేపు కదలక పడుకొనే మనిషికి చూడడానికి ఒక తెల్లగోడ కంటె, తన ఊరి చిత్రకారుడు వ్రాసిన ఒక తోట ఉండడం మేలు.

సొమ్ము కంటె విలువైన పని కూడా ఒకటి ఉన్నది. ఈ వ్యాధి తొలి దశలో మౌనంగా ఉంటుందని పైన చెప్పబడినది. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉన్నదో చూచే చిన్న పరీక్షతో దానిని కొంత ముందుగా కనిపెట్టవచ్చును. ముందుగా తెలిస్తే ఆహారంలోనూ, మందులలోనూ జాగ్రత్తపడి డయాలిసిస్ దశను దూరంగా నెట్టుకుంటూ పోవచ్చును. కాని పరీక్ష అనగానే జనులకు భయం. ఏమి బయటపడుతుందోనని వాయిదా వేస్తారు. ఏడు మండలాలలోనూ బొమ్మలు నిలిపినచోటనే ఆరోగ్య కార్యకర్తల చేత పరీక్షలు జరిపిస్తే, తాబేలును చూడవచ్చిన కుటుంబం రక్తం కూడా ఇచ్చి పోతుంది. ఒళ్ళునొప్పులకు వైద్యుని అడగకుండా దుకాణంలో కొని పదే పదే మింగే నొప్పిమాత్రలు మూత్రపిండాలకు చేటు చేస్తవన్న సంగతీ, ఎండలో పనిచేసేటప్పుడు మంచినీరు వెంట ఉండవలెనన్న సంగతీ అక్కడనే చెప్పవచ్చును. కోరమ్ ఆశ్రమానికి చిత్రాలు చూడబోయిన లండను జనులు శిశువులను చూచినట్లే, బొమ్మను చూడబోయిన ఉద్దానం జనులు తమ ఆరోగ్యాన్ని తాము చూచుకొంటారు.

ఈ పని ఎవరు ప్రారంభించవలెనని అడిగితే, పాఠశాలలే అని చెప్పవలసి ఉంటుంది. ప్రతి గ్రామంలోనూ పదిమందిని కూర్చగల చోటు బడి ఒక్కటే. ఊరిలో ఎవరు గీస్తారో, ఎవరు చెక్కుతారో, ఎవరి చేతి ముగ్గు అందమైనదో పిల్లలకు తెలిసినంతగా పెద్దలకు తెలియదు. విద్యార్థులు ఇల్లిల్లు తిరిగి ఆ పేర్ల పట్టిక తయారుచేయగలరు. లెక్కల మాస్టరు జమాఖర్చులు వ్రాయించగలడు. విజ్ఞానశాస్త్రం చెప్పేవారు మూత్రపిండం పనిచేసే తీరును బొమ్మ పక్కనే వివరించగలరు. డ్రాయింగు మాస్టరు తన శిష్యుల చేత అచ్చు నమూనాను మట్టితో చేయించగలడు. ఒక్కసారిగా ఎనభై బొమ్మలు అక్కరలేదు. ఏడు మండలాలకు ఏడు తాబేళ్ళు చాలును. బ్రిస్టల్ వారి వెనుక పదునెనిమిదేండ్ల పని ఉన్నదని మరువరాదు.

కళాకారునికి ప్రధానోపాధ్యాయుడు వ్రాసే ఆహ్వానపత్రంలో నాలుగు మాటలు ఉండవలెను. పనికి ఇచ్చే కూలి ఎంతో ముందే తెలుపవలెను. ఏమి చిత్రించవలెనో నిర్ణయించే స్వేచ్ఛ అతనిదేనని చెప్పవలెను. బొమ్మ క్రింద అతని పేరూ, ఊరిపేరూ వ్రాయబడునని మాట ఇవ్వవలెను. వేలం ముగిసిన పిమ్మట వచ్చినదెంతో, పోయినదెంతో, ఎవరికి చేరినదో గ్రామసభలో పైకి చదివి వినిపిస్తామని, ఆ సభకు అతడూ రావలెనని కోరవలెను. ఆ చివరి మాట ఒక్క ఏడు నిలబడితే, మరుసటి ఏడు ఎనిమిదవ తాబేటికి చిత్రకారుడు అడగకముందే వస్తాడు.